పిచర్ చేతికి వెల ఎంత? బేస్‌బాల్ కాంట్రాక్టులు, చలికాలపు బేరాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక్క బంతీ పడదు. అసలు వాదనలు మొదలయ్యేది మాత్రం అప్పుడే. ఎవరికి ఎంత ఇచ్చారు, ఎందుకిచ్చారు, ఆ పిచర్ (బంతి విసిరేవాడు) మోచెయ్యి ఎన్నాళ్ళు నిలుస్తుంది అని. క్రికెట్ చూస్తూ పెరిగి, అమెరికా వెళ్ళాక ఈ ఆటలో పడినవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేవి ఇక్కడ ఉన్నాయి. అంకెలన్నీ కోట్ల డాలర్లలో. 10 మిలియన్లంటే 1 కోటి.

ఐపీఎల్ వేలం తెలుసు. అదే లెక్క ఇక్కడా పనికొస్తుందా?

పెద్దగా రాదు. ఐపీఎల్‌లో అందరి సంచీ ఒకే సైజు. 2025 సీజన్‌కి జట్టుకి 120 కోట్ల రూపాయలు. లక్నో రిషభ్ పంత్ ఒక్కడికే 27 కోట్లు పెట్టిందంటే మిగతా 93 కోట్లలోనే తక్కిన జట్టంతా సర్దుకోవాలి. మేజర్ లీగ్‌లో వేలం లేదు, సంచీకి అడుగూ లేదు. ఒక గీత దాటితే పన్ను కట్టాలి, అంతే. ఆటగాడు ఏజెంటు ద్వారా బేరమాడతాడు. సంతకం పడ్డాక ఆడినా, గాయంతో కూర్చున్నా డబ్బు దాదాపు మొత్తం వచ్చి తీరుతుంది. ఇంకో తేడా కొత్తవాళ్ళకి మింగుడుపడదు: ఆటగాడి ఇష్టంతో పని లేకుండా అతన్ని ఇంకో ఊరి జట్టుకి ట్రేడ్ (మార్పిడి) చేసేయొచ్చు. కాంట్రాక్టులో నో-ట్రేడ్ షరతు ఉన్నవాళ్ళు కాదనొచ్చు. మేజర్ లీగ్‌లో 10 ఏళ్ళు పూర్తిచేసి, అందులో చివరి 5 ఒకే జట్టుతో ఉన్నవాళ్ళు కూడా కాదనొచ్చు.

అంత గొప్ప కుర్రాడికి అంత తక్కువ జీతమా?

ఆరేళ్ళ సర్వీసు (మేజర్ లీగ్ జాబితాలో గడిపిన కాలం) నిండేదాకా అతను జట్టు చేతిలోనే ఉంటాడు కాబట్టి. మొదటి మూడేళ్ళు ఇంచుమించు కనీస జీతమే: 2025లో 7,60,000 డాలర్లు, 2026లో 7,80,000. తర్వాతి మూడేళ్ళు ఆర్బిట్రేషన్, అంటే కుదరకపోతే మధ్యవర్తులు జీతం తేల్చడం. ఆరు పూర్తయితేనే ఫ్రీ ఏజెంట్, అంటే ఏ జట్టుతోనైనా బేరమాడుకోవచ్చు. మూడేళ్ళు నిండకుండానే ఆర్బిట్రేషన్‌కి వెళ్ళే 'సూపర్ టూ' వాళ్ళు కొందరుంటారు. రెండు, మూడేళ్ళ సర్వీసు మధ్య ఉన్నవాళ్ళలో సర్వీసు ఎక్కువున్న 22 శాతం వాళ్ళు.

పిట్స్‌బర్గ్ పిచర్ పాల్ స్కీన్స్‌ని చూడండి. 2023 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే రోజు) మొదటి పేరు అతనిదే, బోనస్ 92 లక్షల డాలర్లు. 2024లో రూకీ ఆఫ్ ది ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు), 2025లో నేషనల్ లీగ్ ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు. అయినా జీతం కనీసానికి అటూ ఇటూనే. ఇలాంటివాళ్ళ కోసమే 2022 ఒప్పందంలో ఏటా 5 కోట్ల బోనస్ నిధి పెట్టారు. సై యంగ్ గెలిస్తే అందులోంచి 25 లక్షలు వస్తాయి. బయట మార్కెట్లో అతనికి పలికే ధర ముందు అది చిల్లరే.

'ఒక్క రోజు తక్కువైంది' అని గొడవ పడతారు, ఏమిటది?

సీజన్ సుమారు 187 రోజులు. అందులో 172 రోజులు మేజర్ లీగ్ జాబితాలో ఉంటే ఒక ఏడాది సర్వీసు. 171 అయితే కాదు. 2015లో షికాగో కబ్స్ జట్టు క్రిస్ బ్రయంట్‌ని ఏప్రిల్ 17న కింది స్థాయి మైనర్ లీగ్ నుంచి పైకి పిలిచింది. సీజన్ ముగిసేసరికి అతని ఖాతాలో సరిగ్గా 171 రోజులు. ఆ ఒక్క రోజుతో అతని ఫ్రీ ఏజెన్సీ 2020 చివర్నుంచి 2021 చివరికి జరిగింది. ఆ ఏడాది అతనే రూకీ ఆఫ్ ది ఇయర్, మరుసటేడు ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు). ఫిర్యాదు చేశాడు, 2020లో అది కొట్టేశారు. రూలు ప్రకారం జట్టు తప్పేమీ చెయ్యలేదు. రూలే తప్పు.

ఇప్పుడు రూకీ అవార్డు ఓటింగ్‌లో మొదటి రెండు స్థానాల్లో వచ్చినవాళ్ళకి, ఎన్ని రోజులున్నా, ఏడాది సర్వీసు ఇస్తున్నారు. 2024 మే 11న పైకొచ్చిన స్కీన్స్‌కి పూర్తి ఏడాది దక్కింది అందుకే.

ఆర్బిట్రేషన్ గదిలో ఏం జరుగుతుంది?

జనవరిలో ఆటగాడు ఒక అంకె రాస్తాడు, జట్టు ఒక అంకె రాస్తుంది. రాజీ కుదరకపోతే ముగ్గురు మధ్యవర్తుల ముందు కూర్చుంటారు. ఆ ముగ్గురూ రెండంకెల్లో ఒకటి ఎంచుకోవాలి, మధ్యలో తెంచి ఇవ్వడం కుదరదు. అందుకే అత్యాశకి పోతే మొదటికే మోసం.

ఆ గదిలో జట్టు తరఫువాళ్ళు తమ సొంత ఆటగాడిలోని లోపాలు ఏకరువు పెడతారు, అతను ఎదురుగా కూర్చుని వినాలి. 2023లో మిల్వాకీ పిచర్ కార్బిన్ బర్న్స్ 1.075 కోట్లు అడిగాడు, జట్టు 1.001 కోట్లు రాసింది. తేడా 7,40,000 డాలర్లు. అతను ఓడిపోయాడు. జట్టు ప్లేఆఫ్‌కి వెళ్ళకపోవడానికి కారణం చెప్పేటప్పుడు తననే ముందు నిలబెట్టారని బాహాటంగానే బాధపడ్డాడు. 2021 సై యంగ్ విజేత అతను. ఏడాది తిరిగేసరికి, 2024 ఫిబ్రవరిలో, బాల్టిమోర్‌కి ట్రేడయ్యాడు. చిన్న మార్కెట్ జట్టు అతన్ని ఎలాగూ నిలుపుకోలేకపోయేది, నిజమే. కానీ ఏడు లక్షల కోసం అంత చేదు మిగుల్చుకోవడం తెలివైన పని అనిపించదు.

లగ్జరీ ట్యాక్స్ లెక్క అరటిపండు ఒలిచినట్టు చెప్పండి.

ఏటా ఒక గీత ఉంటుంది: 2024లో 23.7 కోట్లు, 2025లో 24.1, 2026లో 24.4. జట్టు జీతాల మొత్తం దాన్ని దాటితే, దాటిన సొమ్ముమీద మొదటి ఏడాది 20 శాతం, వరసగా రెండో ఏడాది 30, మూడో ఏడాది నుంచి 50. దాటింది 2 కోట్లకు మించితే అదనపు వడ్డింపు మొదలవుతుంది.

వరసగా మూడోసారి దాటిన జట్టు 2026లో 6 కోట్లు ఎక్కువ ఖర్చు పెట్టిందనుకోండి. మొదటి 2 కోట్ల మీద 50 శాతం, అంటే 1 కోటి. తర్వాతి 2 కోట్ల మీద 62 శాతం, 1.24 కోట్లు. ఆ పై 2 కోట్ల మీద 95 శాతం, 1.9 కోట్లు. మొత్తం 4.14 కోట్లు. ఆరు దాటాక ప్రతి డాలరుకీ 1.10 డాలర్ల పన్ను: అంటే కోటి జీతమున్న ఆటగాడు జట్టుకి 2.10 కోట్లకి పడతాడు. 4 కోట్లు దాటితే డ్రాఫ్ట్‌లో మొదటి వంతు పది స్థానాలు వెనక్కి పోతుంది.

ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు: పన్నుకి లెక్కేసేది ఈ ఏడు చేతికిచ్చిన జీతం కాదు, కాంట్రాక్టు మొత్తాన్ని ఏళ్ళతో భాగిస్తే వచ్చే సగటు. 2024 డిసెంబర్లో న్యూయార్క్ మెట్స్ జట్టు బ్యాటర్ హువాన్ సోటోకి ఇచ్చిన 15 ఏళ్ళ 76.5 కోట్లు పన్ను పుస్తకంలో ఏటా 5.1 కోట్లు. దానికి తోడు ఆటగాళ్ళ బీమా, పెన్షన్ లాంటి వాటిలో జట్టు వాటా కూడా కలుస్తుంది. జీతాలు మాత్రమే కూడి 'ఇంకా చోటుంది' అని వాదించేవాళ్ళు మరిచేది ఆ వాటానే.

జపాన్ స్టార్ ఒహ్తానీకి ఏడాదికి 20 లక్షలేనా? మరి 70 కోట్లు అన్నారు?

రెండూ నిజమే. 2023 డిసెంబర్లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌తో 10 ఏళ్ళకి 70 కోట్లు. అందులో 68 కోట్లు 2034 నుంచి 2043 వరకు, వడ్డీ లేకుండా. ఆడే కాలంలో ఏటా 20 లక్షలు. పదేళ్ళ తర్వాత ఇచ్చే 6.8 కోట్లకి ఈనాటి విలువ ఎంతో కట్టాలి. అప్పటి 4.43 శాతం రేటుతో అది సుమారు 4.4 కోట్లు. దానికి 20 లక్షలు కలిపితే 4.6 కోట్లు. పన్ను పుస్తకంలో రాసేది ఆ అంకే.

'ఇది మోసం' అనేవాళ్ళకి జవాబు: పన్ను ఎగ్గొట్టలేదు, ఆటగాడే తక్కువ విలువకి ఒప్పుకున్నాడు. డబ్బు తర్వాత ఇచ్చే ఏ కాంట్రాక్టునైనా అలాగే లెక్కేస్తారు, రూలు అందరికీ ఒకటే. వాయిదా వేసిన సొమ్ముకి సరిపడా నిధిని జట్టు ముందే పక్కన పెట్టాలి కూడా.

ఇది పాత పద్ధతే. మెట్స్ ఇప్పటికీ ప్రతి జూలై 1న మాజీ ఆటగాడు బాబీ బోనియాకి 11,93,248 డాలర్లు కడుతోంది, 2035 దాకా కడుతుంది. ఇవ్వాల్సిన 59 లక్షల్ని 8 శాతం వడ్డీకి వాయిదా వేసుకున్న ఫలితం. మన ఊళ్ళలో వడ్డీకి అప్పు తీసుకున్నవాడికి ఈ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆప్ట్-అవుట్ (కాంట్రాక్టు మధ్యలోనే తప్పుకునే హక్కు) ఎవరికి లాభం?

ఆటగాడికి. ఎప్పుడూ ఆటగాడికే. బాగా ఆడితే బయటికొచ్చి ఎక్కువ అడుగుతాడు, దెబ్బతింటే ఉన్న కాంట్రాక్టు పట్టుకుని కూర్చుంటాడు. జట్టుకి దక్కేదల్లా ముందుగా కాస్త తగ్గే ధర. బర్న్స్ 2024 డిసెంబర్లో ఆరిజోనాతో 6 ఏళ్ళకి 21 కోట్లు రాసుకున్నాడు. 2026 తర్వాత ఆప్ట్-అవుట్. 2025 జూన్‌లో మోచేతికి టామీ జాన్ ఆపరేషన్ పడింది. ఆరోగ్యంగా ఉంటే జట్టుకి రెండేళ్ళే దొరికేవాడు. దెబ్బ తగలడంతో ఆరేళ్ళ భారం జట్టు నెత్తిన ఉండిపోయే అవకాశమే ఎక్కువ.

స్పీడ్ గన్ మీద గంటకి 98 మైళ్ళు చూపిస్తే మంచి పిచర్ అనుకోవచ్చా?

చాలదు. పిచర్ నిలబడే పట్టీ నుంచి బ్యాటర్ పక్కనుండే హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు. ఒక అడుగు ముందుకు వేసి వదులుతాడు కాబట్టి బంతి ప్రయాణించేది 54, 55 అడుగులే. గంటకి 95 మైళ్ళు, అంటే 153 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి 0.4 సెకన్లలో బ్యాటర్ని చేరుతుంది. క్రికెట్లోలా నేల తాకి మారే అవకాశం లేదు, జరగాల్సిందంతా గాల్లోనే జరగాలి.

ఫోర్-సీమ్ ఫాస్ట్‌బాల్‌ని రెండు వేళ్ళు కుట్టుకి అడ్డంగా పెట్టి, చివర్లో కిందికి గీరినట్టు వదులుతారు. బంతి నిమిషానికి 2,300 సార్లకి అటూ ఇటూ వెనక్కి తిరుగుతూ వెళ్తుంది. ఆ తిరుగుడు వల్ల పడాల్సినంత కిందికి పడదు. బ్యాటర్ కంటికి మాత్రం పైకి లేచినట్టు ఉంటుంది, బ్యాట్ బంతి కిందనుంచి పోతుంది. ఆ 'లేవడం' సగటున 16 అంగుళాలు. 18 దాటిస్తే 93 మైళ్ళ పిచర్ కూడా బంతి పడాల్సిన చట్రం (జోన్) పై భాగంలో బ్యాటర్లతో ఆడుకుంటాడు. అది లేనివాడి 98 ఏ వంకా లేకుండా తిన్నగా వస్తే బంతి స్టాండ్స్‌లో తేలుతుంది.

కాబట్టి వేగంతో పాటు మూడు చూడండి. బంతి వదిలే ఎత్తు, ఎంత ముందుకొచ్చి వదులుతున్నాడు, ఫాస్ట్‌బాల్‌కీ స్వీపర్ (పక్కకి తిరిగేది), ఛేంజప్ (నెమ్మదిగా వచ్చేది) లాంటి రెండో బంతికీ మధ్య చేతి తీరులో తేడా తెలుస్తోందా. ఇవన్నీ 2015 నుంచి ప్రతి స్టేడియంలో స్టాట్‌కాస్ట్ అనే కొలత వ్యవస్థ కొలుస్తోంది, ఎవరైనా చూసుకోవచ్చు.

ఈఆర్ఏ బాలేదు, అయినా జట్లు ఎగబడుతున్నాయి. ఎందుకు?

ఈఆర్ఏ అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున పిచర్ ఖాతాలో పడే పరుగులు. అందులో వెనకున్న ఫీల్డర్ల చేతులూ కలిసి ఉంటాయి. పిచర్ ఒక్కడి పని విడదీయడానికి ఎఫ్ఐపీ అనే లెక్క వాడతారు. హోమ్‌రన్లని (సిక్సర్ లాంటివి) 13తో, వాక్‌లూ (నాలుగు తప్పు బంతులకి బ్యాటర్‌కి ఊరికే దక్కే బేస్) బ్యాటర్‌కి బంతి తగిలినవీ కలిపి 3తో హెచ్చవేసి కూడాలి. అందులోంచి స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్ని ఔట్ చేసినవి) 2తో హెచ్చవేసి తీసెయ్యాలి. వచ్చినదాన్ని ఇన్నింగ్స్‌తో భాగించి, సుమారు 3.1 కలపాలి. 180 ఇన్నింగ్స్, 18 హోమ్‌రన్లు, 45 వాక్‌లు, 5 తగిలినవి, 200 స్ట్రైకౌట్లు అనుకోండి: 234 + 150 − 400 = −16. 180తో భాగిస్తే −0.09. ఎఫ్ఐపీ 3.01. అతని ఈఆర్ఏ 3.90 ఉంటే, ఆ తేడాలో చాలా భాగం ఫీల్డింగూ దురదృష్టమూ. అలాంటివాణ్ణి చవగ్గా పట్టడమే చలికాలపు అసలు వ్యాపారం. ఒక్క జాగ్రత్త: కొందరి బంతి ఏళ్ళ తరబడి గట్టిగానే కొట్టించుకుంటుంది, అక్కడ ఈ లెక్క మరీ ఉదారంగా ఉంటుంది.

టామీ జాన్ తర్వాత పిచర్ని నమ్మొచ్చా?

మోచేతి లోపలివైపు ఎముకల్ని పట్టి ఉంచే చిన్న పట్టీ తెగితే, ముంజేతి నుంచో తొడ వెనక నుంచో తీసిన స్నాయువుతో కొత్తది కడతారు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదట టామీ జాన్ అనే పిచర్‌కి చేశారు, పేరు అలా వచ్చింది. మళ్ళీ మ్యాచ్ ఆడటానికి 12 నుంచి 18 నెలలు. చాలామంది తిరిగొస్తారు. వేగం ముందొస్తుంది, బంతి అనుకున్న చోట పడటం ఆలస్యంగా వస్తుంది. మొదటి రెండు నెలల్లో వాక్‌లు చూసి తీర్పు చెప్పకండి. రెండోసారి అదే ఆపరేషన్ పడితే మాత్రం అనుమానించాల్సిందే.

భుజం సంగతి వేరు, మోచేతికన్నా అదే ఎక్కువ భయపెడుతుంది. స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌కి వాషింగ్టన్ 2019 డిసెంబర్లో 7 ఏళ్ళకి 24.5 కోట్లు ఇచ్చింది. తర్వాత అతను ఆడింది 8 మ్యాచ్‌లు. మెడ, భుజం మధ్య నరాలు నొక్కుకుపోయే జబ్బు. అదే నెలలో న్యూయార్క్ యాంకీస్ పిచర్ గెరిట్ కోల్‌కి 9 ఏళ్ళకి 32.4 కోట్లు ఇచ్చింది. అతను 2023లో సై యంగ్ గెలిచాడు, 2025 మార్చిలో టామీ జాన్ చేయించుకున్నాడు. ఇంత తెలిసీ ఏడెనిమిదేళ్ళు ఎందుకిస్తారంటే, ఇంకో జట్టు ఇస్తుంది కాబట్టి. మొదటి మూడేళ్ళకే డబ్బు పెడుతున్నామని, మిగతావి వచ్చినంత అని లోలోపల అందరికీ తెలుసు.

బేరం కుదిరిందని వార్త వచ్చాక ఎలా చెడుతుంది?

వైద్య పరీక్ష దగ్గర. 2022 చలికాలంలో కార్లోస్ కొరియా శాన్ ఫ్రాన్సిస్కోతో 13 ఏళ్ళకి 35 కోట్లకి ఒప్పుకున్నాడు. పాత చీలమండ గాయం చూసి వాళ్ళు ఆగారు. మెట్స్ 12 ఏళ్ళకి 31.5 కోట్లన్నారు, వాళ్ళూ ఆగారు. చివరికి మిన్నెసోటాలో 6 ఏళ్ళకి 20 కోట్లకి తేలాడు. సంతకం పడిందన్న మాట వినేదాకా జెర్సీ కొనకండి.

40 మంది జాబితాలో చోటు లేదంటారు. ఆడేది 26 మందే కదా?

26 మంది మ్యాచ్‌లకి, అందులో పిచర్లు 13కి మించకూడదు. 40 మంది జాబితాలో మైనర్ లీగ్‌లో ఉన్నా జట్టు కాపాడుకునేవాళ్ళుంటారు. సీజన్లో దీర్ఘ గాయాలవాళ్ళని 60 రోజుల జాబితాలోకి నెట్టి చోటు చేసుకోవచ్చు. చలికాలంలో ఆ జాబితా ఉండదు, ఆపరేషన్ అయినవాడూ ఒక చోటు తినేస్తాడు. నవంబర్లో తెలియని పేర్లు వరసగా బయటికి పోతుండటానికి అసలు కారణం ఇదే.

తీసేసే పద్ధతి డీఎఫ్ఏ (డెజిగ్నేటెడ్ ఫర్ అసైన్‌మెంట్). పేరు తీసిన ఏడు రోజుల్లో ట్రేడ్ చెయ్యాలి, లేదా వేవర్స్ అనే జాబితాలో పెట్టాలి. అక్కడ ఇంకో జట్టు బదులుగా ఎవరినీ ఇవ్వకుండానే ఎత్తుకుపోవచ్చు. మైనర్స్‌కి దించే 'ఆప్షన్లు' ఆటగాడికి మూడు సీజన్లు, సీజన్‌కి అయిదుసార్లు. దించిన పిచర్ని, ఎవరికో గాయమైతే తప్ప, 15 రోజుల దాకా పైకి తేకూడదు. కాంట్రాక్టులోని 'ఆప్షన్' (ఇంకో ఏడాది పొడిగించుకునే హక్కు) వేరు, ఈ 'ఆప్షన్' వేరు. సగం గొడవలు ఈ ఒక్క మాట దగ్గరే.

రూల్ 5 డ్రాఫ్ట్‌లో ఎవరైనా దొరుకుతారా?

అప్పుడప్పుడు ఆణిముత్యమే దొరుకుతుంది. 18 ఏళ్ళకో అంతకన్నా ముందో సంతకం చేసినవాళ్ళని 5 సీజన్లలో, 19కో ఆ తర్వాతో చేసినవాళ్ళని 4 సీజన్లలో 40 మందిలో చేర్చకపోతే డిసెంబర్లో వేరే జట్టు లక్ష డాలర్లకి తీసుకోవచ్చు. షరతు: సీజనంతా 26 మందిలో ఉంచాలి, లేదంటే వేవర్స్ దాటించి 50 వేలకి పాత జట్టుకి తిరిగివ్వాలి. 2020లో యాంకీస్ వదిలేసిన గారెట్ విట్లాక్‌ని బాస్టన్ ఇలాగే పట్టింది. 1999లో యొహాన్ సాంతానా ఇలాగే మిన్నెసోటా చేరి, తర్వాత రెండు సై యంగ్‌లు గెలిచాడు.

క్వాలిఫయింగ్ ఆఫర్ అంటే?

ఫ్రీ ఏజెంట్ కాబోయేవాడికి పాత జట్టు, లీగ్‌లో పై 125 జీతాల సగటుతో ఇచ్చే ఒక్క ఏడాది ఆఫర్. 2025 చలికాలంలో 2.2025 కోట్లు. కాదని ఇంకెక్కడో సంతకం చేస్తే పాత జట్టుకి డ్రాఫ్ట్ వంతు వస్తుంది, కొత్త జట్టు ఒకటో రెండో పోగొట్టుకుంటుంది. జీవితంలో ఒక్కసారే ఇవ్వొచ్చు. సీజన్ మధ్యలో ట్రేడ్ అయినవాడికి ఇవ్వకూడదు.

జపాన్ పిచర్ని తెస్తే అక్కడి జట్టుకీ డబ్బు కడతారా?

కడతారు. మొదటి 2.5 కోట్ల మీద 20 శాతం, తర్వాతి 2.5 కోట్ల మీద 17.5, మిగతాదాని మీద 15. యమమోటోకి డాడ్జర్స్ ఇచ్చింది 12 ఏళ్ళకి 32.5 కోట్లు. 50 లక్షలు, 43.75 లక్షలు, 4.125 కోట్లు కలిపి ఒరిక్స్ జట్టుకి 5.06 కోట్లు. బేరానికి 45 రోజుల గడువు. 25 ఏళ్ళ లోపువాళ్ళకి ఈ శాతాలు వర్తించవు, ఆటగాడికి చిన్న బోనస్ నిధిలోంచే ఇవ్వాలి. 2025 జనవరిలో రోకి ససాకి 65 లక్షలకే వచ్చింది అందుకే. ఇంకో రెండేళ్ళు ఆగి ఉంటే ఎన్నో రెట్లు వచ్చేవి.

మన దేశపు మూలాలున్న పిచర్లు ఎవరైనా ఉన్నారా?

ఉత్తరప్రదేశ్‌కి చెందిన రింకూ సింగ్ (క్రికెటర్ రింకూ కాదు), దినేశ్ పటేల్ 2008లో టీవీ పోటీలో గెలిచి పిట్స్‌బర్గ్‌తో సంతకం చేశారు. మైనర్ లీగ్ దాటలేదు. ఇప్పుడు చూడాల్సినవాడు టెక్సస్ రేంజర్స్ పిచర్ కుమార్ రాకర్. తల్లి భారతీయ అమెరికన్. వాండర్‌బిల్ట్‌లో చదువుతూ 2019లో ఒక నో-హిటర్‌లో (ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. 2021లో మెట్స్ పదో వంతులో ఎంచుకుని, వైద్య పరీక్ష చూసి ఒప్పందం చెయ్యలేదు. మరుసటేడు టెక్సస్ మూడో వంతులోనే తీసుకుంది. 2023లో టామీ జాన్, 2024 సెప్టెంబర్లో మేజర్ లీగ్ అరంగేట్రం. డల్లాస్‌లో ఉన్న తెలుగువాళ్ళకి ఆర్లింగ్టన్ ఎంతో దూరం కాదు, అతను పిచ్ చేసే రోజు చూసుకుని వెళ్ళండి.

2026 డిసెంబర్ గురించి అందరూ ఎందుకు భయపడుతున్నారు?

లీగ్‌కీ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య ఇప్పుడున్న ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. జీతాలకి గట్టి పరిమితి పెట్టాలని యజమానులు అడిగినప్పుడల్లా సంఘం ససేమిరా అంటుంది. 1994లో ఆ గొడవతోనే సమ్మె జరిగి వరల్డ్ సిరీస్ రద్దయింది. కిందటిసారి 2021 డిసెంబర్ 2న లాకౌట్ (యజమానులే పని ఆపేయడం) మొదలై 99 రోజులు సాగింది. అన్నాళ్ళూ సంతకాల్లేవు, ట్రేడ్లు లేవు. ఆపరేషన్ చేయించుకుని కోలుకుంటున్న పిచర్లు తమ జట్టు డాక్టరుతో, ట్రైనరుతో మాట్లాడటానికి కూడా వీల్లేకపోయింది. ఎవరి తంటా వాళ్ళు పడ్డారు.